ఈ ఏవగింపు ఎక్కడిది?

ఆడ ఆడను, మగ మగను ప్రేమించడమంటే మన ఊళ్లలో కనిపించే ఏవగింపుకు రెండు కారణాలు చెబుతుంటారు. ప్రకృతే అలా పుట్టించిందనేది ఒకటి, దేవుడే వద్దన్నాడనేది ఇంకొకటి. ఈ రెండింటి వెనుకా ఉన్నది, పిల్లల పెళ్లి పెద్దల చేయి దాటిపోతుందన్న భయమేనని నా నమ్మకం. ముందు ప్రకృతి సంగతి. జపాన్ కోతుల్లో ఆడవి ఆడవాటితో జతకట్టడం శాస్త్రజ్ఞులు ఏళ్లుగా నమోదు చేస్తున్నదే. బొనొబో వానరాల్లోనైతే గుంపులో తగవులు చల్లారడానికి అదొక దారి. మనవలు పుట్టరన్న తల్లిదండ్రుల ఆందోళనే పరిణామక్రమంలో ఈ ద్వేషమైందని 1995లో మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ గాలప్ ప్రతిపాదించాడు. దానికి జన్యువులదాకా పోనక్కరలేదని, సమాజం నేర్పిన అపోహలు చాలునని జాన్ ఆర్చర్ మరుసటి ఏడాదే బదులిచ్చాడు. ఆర్చర్ మాటే సబబు. రక్తంలోనే ఉంటే ఊరికో తీరుగా, కాలానికో తీరుగా ఎందుకు మారుతుంది?

మతం సంగతీ అంతే. బైబిల్లోని లేవీయకాండం మగవాడితో కూడిన మగవాళ్లకు మరణశిక్షే వేసింది. మనుస్మృతి అలాంటి మగవాడికి కట్టుబట్టలతో స్నానం చేస్తే చాలంది, కన్నెపిల్లను చెరిచిన స్త్రీకి మాత్రం గుండు గీయమంది, లేదా రెండు వేళ్లు నరకమంది. పాపం ఒక్కటే అయితే శిక్షలో ఇంత తేడా ఎందుకు? అక్కడ కాపాడుతున్నది ధర్మాన్ని కాదు, పెళ్లికి సిద్ధంగా ఉన్న పిల్లను. ఇటు మన జాతరల్లో చీర కట్టి, ముఖాన పసుపు పూసుకుని పూనకంతో ఊగే మగ శివసత్తుల కాళ్లకు అందరూ మొక్కుతారు. అదే మనిషి మర్నాడు అదే చీరతో బజారుకొస్తే నవ్వుతారు. దేవుడు రాత్రికి రాత్రి మాట మార్చలేదు కదా!

ఇంగ్లీషువాళ్లు రాకముందు మనవాళ్లు స్వలింగ ప్రేమను మెచ్చుకున్నారా అని అడగవచ్చు. లేదు, చిన్నచూపు ఉండేది. కానీ చిన్నచూపు వేరు, పోలీసు రిజిస్టరు వేరు. 1860 నాటి శిక్షాస్మృతిలో స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసే 377వ సెక్షన్ చేరింది. 1871 నాటి నేరజాతుల చట్టాన్ని చూసి, మన బల్మూరు మండలం నిజాం ఏలుబడిలో ఉన్న రోజుల్లో, 1919లో హైదరాబాదు సర్కారు హిజ్రాల మీద చట్టం తెచ్చింది. హిజ్రాలూ స్వలింగ ప్రేమికులూ ఒకటి కాదు. అయినా ‘అసహజ నేరం’ చేస్తారన్న అనుమానం చాలు, పేరు రిజిస్టరులో ఎక్కేది. పేరెక్కిన మనిషి ఆడబట్టలతో, నగలతో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండానే పట్టుకోవచ్చు, రెండేళ్లదాకా జైల్లో పెట్టవచ్చు. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసేదాకా అది పుస్తకాల్లోనే ఉంది.

పిల్లలు పుట్టని జంటతో వంశం ఆగిపోతుందని ఇంకో అభ్యంతరం. మరి పిల్లల్లేని ఆలుమగలను ఏ చట్టమూ నేరస్థులనలేదే! సుప్రీంకోర్టు 377 బిగువు సడలించింది 2018 సెప్టెంబరు 6న. ఎనిమిది రోజులకే మిర్యాలగూడలో కులాంతర పెళ్లి చేసుకున్న యువకుణ్ణి, గర్భిణి అయిన భార్య ముందే పట్టపగలు నరికి చంపారు. అక్కడ వారసుడు కడుపులోనే ఉన్నాడు, అయినా కత్తి ఆగలేదు. అంటే భయం వంశం గురించి కాదు, పెళ్లి పెద్దల చేయి దాటిపోవడం గురించే. హైదరాబాదు జంట సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ తమ పెళ్లికి గుర్తింపు కోరితే, 2023 అక్టోబరు 17న ఆ పని చట్టసభలదేనని అదే కోర్టు తేల్చింది. ఓట్లడగడానికి బల్మూరు వచ్చే నాయకులను ఈ సంగతిపై నిలదీయాలి. ఇష్టపడ్డ మనిషితో బతకనివ్వమని అడుగుతున్న బిడ్డలు మన మండలంలోనూ ఉన్నారు.

— నల్లమల