కూలరు గొంతులో ఏముంది?

శివరాత్రికి చలి "శివ శివా" అంటూ వెళ్ళిపోతుందని పెద్దల మాట. అది అలా వెళ్ళిందో లేదో, మా జిన్నారంలో ఇంటింటా అటకల మీద నుంచి కూలర్లు దిగుతాయి. ఏడాదిలో ఎనిమిది నెలలు మూలన పడుకున్న మనిషిని లేపి, పగలూ రాత్రీ పని చెయ్యమంటే సణగకుండా వుంటాడా? కూలరూ అంతే.

అయితే ఆ సణుగుడు అన్నివేళలా ఒకటి కాదు. మెకానిక్కుకు ఫోను చేస్తే అతను మొట్టమొదట అడిగే ప్రశ్న, "సప్పుడు ఎట్ల వస్తుంది సారూ?" అనే. "ఏదోలా వస్తోందయ్యా" అంటే అతను మాత్రం ఏం చేస్తాడు? ఈ విషయంలో మన భాషకు లోటు లేదు. గరగర, టకటక, కీచుకీచు, గుయ్యి, చిటపట. ధ్వన్యనుకరణాలని పేరుపెట్టి క్లాసులో వీటిని రెండు మార్కుల ప్రశ్నకు సరిపెడుతుంటాం గాని, ఇంట్లో ఒక్కొక్కటీ ఒక్కొక్క జబ్బు పేరు సుమండీ!

ముందుగా కానీ ఖర్చులేని పరీక్ష ఒకటి. చప్పుడు వస్తుండగా స్విచ్చి కట్టెయ్యండి. ఫ్యాను వెంటనే ఆగదు గదా, కాసేపు తిరుగుతుంది. స్విచ్చి కట్టిన క్షణానే చప్పుడు ఆగిపోతే అది కరెంటుకు సంబంధించినది. ఫ్యానుతోపాటే నెమ్మదిస్తూ, కొన ఊపిరిదాకా వినిపిస్తే రెక్కదో, బేరింగుదో తప్పు.

గరగరమంటే తొట్టిలో నీళ్ళు అడుగంటి, పంపు గాలి పీలుస్తోందన్నమాట. నీళ్ళు పొయ్యండి, వట్టిగా తిరిగితే పంపు కాలిపోతుంది. నీళ్ళు నిండుగా వుండి కూడా గడ్డి తడవక, పంపు గుయ్యిమంటోందా? మా వైపు బోరునీళ్ళు వాడేవారికి ఇది అలవాటైన బాధే. ఉప్పు పేరుకునో, గడ్డిపోచ చుట్టుకునో లోపలి చిన్న చక్రం బిగుసుకుంటుంది. ప్లగ్గు పీకి, మూత విప్పి కడిగితే చాలావరకు బాగవుతుంది. టకటకకు రెక్క వంగడమో, మర వదులవడమో కారణం. కీచుమంటే నూనె కరువు. బుష్షు వున్న మోటారుకు కుట్టుమిషను నూనె రెండు చుక్కలు చాలు. మూసివున్న బేరింగుకు నూనె ఎక్కదు, మార్చవలసిందే. ఇక స్విచ్చి వెయ్యగానే గుయ్యిమని, ఫ్యాను కదలక బిగుసుకుపోతే, చాలాసార్లు నీరసించినది కండెన్సరు. దాన్ని మనం ముట్టుకోరాదు. ప్లగ్గు పీకిన తరవాత కూడా కాసేపు అందులో కరెంటు నిలవ వుంటుంది.

చిటపట మాత్రం వేరు. ఈ ఒక్కదానికీ నేను పరాచికాలాడను. మా వీధిలో ఒకాయన గడ్డపోతారంలో రాత్రి షిఫ్టు చేసి, పొద్దున్నే ఇల్లు చేరి పడుకుంటాడు. మధ్యాహ్నం ఎండలో ఆయన నిద్రకు ఆ ఇనప కూలరే ఆధారం. ఒకనాడు ఆయన భార్య మా ఆవిడతో, "అది చిటపటమంటోంది వదినా, ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటోంది. ఆయన్ని లేపుదామంటే మళ్ళీ రాత్రి డ్యూటీ" అన్నది. ఆ కూలరు పక్కనే వాళ్ళ మూడేళ్ళ పిల్లవాడు తడినేల మీద బంతి ఆడుకుంటున్నాడు! మా ఆవిడ ముందు పిల్లవాణ్ణి చంకనెత్తుకున్నది. తరవాత మెయిను కట్టేయించింది. మెకానిక్కు వచ్చి చూస్తే పంపు వైరు ఒరుసుకుపోయి రేకుకు తగులుతున్నది. ప్లగ్గుకు మూడు కాళ్ళున్నాయి గాని, గోడలోని మూడో కన్నానికి వెనకాల ఎర్తు తీగే లేదు!

ఎండాకాలం కూలరు షాకుతో ప్రాణాలు పోయిన వార్తలు మన జిల్లాల్లో ఏటా చదువుతూనే వున్నాం. తీగ కాలిపోకుండా కాచే ఎం.సి.బి. మనిషిని కాస్తుందనుకోవడం భ్రమ. మనిషిని కాచేది ఆర్.సి.సి.బి.; ఇళ్ళకు పెట్టేది 30 మిల్లీ ఆంపియర్లు పక్కదారి పట్టగానే కరెంటు తెంచేస్తుంది. ఎర్తూ ఇదీ రెండూ వుండాలి. నీళ్ళు పోసేటప్పుడు స్విచ్చి కట్టడం చాలదు, ప్లగ్గే పీకాలి.

ఏ.సి. వున్నవారు నన్ను కోప్పడకముందే ఆ మాటా చెబుతాను. అది చల్లబడేటప్పుడూ, ఆపినప్పుడూ టిక్కుటిక్కుమంటే భయపడకండి. ప్లాస్టిక్కు ముడుచుకుని మళ్ళీ సాగుతుందంతే. ఆపిన తరవాత కాసేపు గలగలా మామూలే. బుస్సుమని ఆగకుండా వస్తూ, చల్లదనం తగ్గి, గొట్టం మీద మంచు కడితే గ్యాసు కారుతోందని అనుమానించాలి. బయటిపెట్టె గుర్రుమని, టక్కుమని ఆగి, కొన్ని నిమిషాలకు మళ్ళీ గుర్రుమంటుంటే కంప్రెసరు లేవలేక అవస్థపడుతోంది. వోల్టేజి తక్కువో, కండెన్సరు పోయిందో! ఆపి మెకానిక్కును పిలవండి. అతనడిగే మొదటి ప్రశ్నకు జవాబు ఎలాగూ మీ దగ్గర సిద్ధంగా వుంటుంది.