లెక్కల కబుర్లు: ప్రధాన సంఖ్య కాదు సరే, మరి కారణాంకాలేవీ?

కిందటి సంచికలో ఒక తప్పు రాశాను. ఒక సంఖ్య ప్రధాన సంఖ్య కాదని చెప్పాలంటే దాన్ని భాగించే సంఖ్యను చూపించి తీరాలి అన్నాను. పజుండౌంగ్‌లో మా పక్క ఫ్లాట్ అమ్మాయి, ఎనిమిదో తరగతి, అది చదివి, కరెంటు పోయిన ఒక సాయంత్రం మెట్ల మీద నన్ను పట్టుకుంది. "చూపించలేకపోతే అది ప్రధాన సంఖ్య అయిపోయినట్టేనా అంకుల్?" అంది. కానే కాదు. ఎందుకో చెబుతాను.

పిల్లలూ, బియ్యం బస్తాలతో మొదలుపెడదాం. బ్రిటిష్ వాళ్ళ కాలంలో పజుండౌంగ్ క్రీక్ ఒడ్డున బియ్యం మిల్లులుండేవి. బర్మాలో మనవాళ్ళకి 'కొరంగీలు' అన్న పేరు కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి వచ్చింది. ఆ మిల్లుల్లో చాలామంది కూలీలు వాళ్ళే. ఒక మిల్లులో 91 బస్తాలున్నాయనుకోండి. ఒక్కటీ మిగలకుండా సమానమైన వరుసల్లో పేర్చాలి. 2, 3, 5 వరుసలు కుదరవు. చాలామంది ఇక్కడే ఆగిపోయి "ప్రధాన సంఖ్య" అనేస్తారు. కానీ వరుసకి 13 చొప్పున 7 వరుసలు సరిపోతాయి. అంటే 91 సంయుక్త సంఖ్య.

ఇప్పుడు ఆ 7నీ 13నీ మరిచిపోండి. పదిహేడో శతాబ్దంలో ఫెర్మా అనే ఫ్రెంచి ఆయన ఒక నియమం చెప్పాడు. 2 కాకుండా ఏదైనా ప్రధాన సంఖ్యను తీసుకోండి. దానికి ఒకటి తక్కువగా అన్ని 2లను గుణించి, ఆ సంఖ్యతో భాగిస్తే శేషం 1 వచ్చి తీరాలి. 7కి చూడండి: ఆరు 2ల లబ్ధం 64, శేషం 1. మరి 91కి తొంభై 2లు కావాలి. భయపడకండి. పన్నెండు 2ల లబ్ధం 4096, దాన్ని 91తో భాగిస్తే శేషం 1. అలాంటి కట్టలు ఏడు, అంటే 84 రెండ్లు అయిపోయినా శేషం 1గానే ఉంటుంది. మిగిలిన ఆరు 2ల లబ్ధం 64. శేషం 64 వచ్చింది, 1 రాలేదు. కనుక 91 ప్రధాన సంఖ్య కాదు. కారణాంకాల ఊసే ఎత్తలేదు చూశారా!

(దీన్ని తిరగేసి వాడకండి. 341కి శేషం 1 వస్తుంది, కానీ అది 11 × 31. ఈ పరీక్ష 'కాదు' అంటే నమ్మాలి, 'అవును' అంటే నమ్మకూడదు.)

అరవై ఏడు 2ల లబ్ధంలోంచి 1 తీసేస్తే 147573952589676412927. ఇది ప్రధాన సంఖ్య అని 1644లో మెర్సెన్ రాశాడు. కాదని 1876లో లూకా తేల్చాడు, కారణాంకాలు చెప్పకుండానే. (ఈ జాతి సంఖ్యల దగ్గర మన 2ల పరీక్ష చెల్లదు, ఆయనది వేరే పద్ధతి.) 1903 అక్టోబరులో న్యూయార్క్‌లో అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సభలో కోల్ అనే ఆచార్యుడు బోర్డు మీద 193707721ని 761838257287తో గుణించి చూపించాడు. నోరు మెదపలేదట. అవి కనుక్కోడానికి మూడేళ్ళ ఆదివారాలు పట్టాయన్నాడని చెప్పుకుంటారు.

గుణించడం తేలిక, విడగొట్టడం కష్టం. ఇంటర్నెట్‌లో రహస్యాలు దాచే ఆర్.ఎస్.ఏ. పద్ధతి ఈ తేడా మీదే నిలబడింది. 250 అంకెల సంఖ్య ఒకదాన్ని 2020లో ఎన్నో కంప్యూటర్లు కలిసి విడగొట్టాయి. 1277 రెండ్ల లబ్ధంలోంచి 1 తీసేస్తే వచ్చే 385 అంకెల సంఖ్య మాత్రం ఇంకా లొంగలేదు. సంయుక్త సంఖ్య అని రుజువైంది, ఒక్క కారణాంకమూ దొరకలేదు.

ఆ అమ్మాయి కోల్ గుణకారాన్ని కొవ్వొత్తి వెలుగులో చేతితో చేసింది. మొదటిసారి మధ్యలో ఒక అంకె తప్పింది, రెండోసారి సరిగ్గా వచ్చింది. "మరి ఆ 385 అంకెల దానికి ఏం గుణించాలి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

మీకు మాత్రం 2047 వదిలేస్తున్నాను. 2ల పరీక్షలో దానికి శేషం 1 వస్తుంది. ప్రధాన సంఖ్యేనా? జవాబులు వచ్చే సంచికలోపు పంపండి.