వాళ్ళ గురించి సభా? వాళ్ళ సభా?

"ట్రాన్స్ వాళ్ళకీ, నాన్-బైనరీ వాళ్ళకీ విడిగా సాహిత్య సభలెందుకండీ? మంచి కవిత ఎవరు రాసినా మంచి కవితే కదా?"

ఈ మధ్య ఈ ప్రశ్న నన్ను ఆఫీసు కాంటీన్లో ముగ్గురు వేర్వేరు రోజుల్లో అడిగారు. ముగ్గురూ మంచివాళ్ళే, ముగ్గురూ పుస్తకాలు చదివేవాళ్ళే. ఒకాయనైతే శ్రీశ్రీని అరగంట ఆపకుండా అప్పజెప్పగలడు (ఆపమన్నా ఆపడు, అది వేరే సంగతి). ఎగతాళిగా అడిగింది కాదు కాబట్టి సమాధానం చెప్పాల్సిందే. కాకపోతే లంచ్ టైములో, చేతిలో పెరుగన్నం డబ్బా పెట్టుకుని చెప్పేంత చిన్న సమాధానం కాదిది.

ముందుగా, ఈ ప్రశ్న కొత్తదేం కాదు. 1993లో 'నీలిమేఘాలు' పేరుతో స్త్రీవాద కవితల సంకలనం వచ్చినప్పుడు కవిత్వానికి ఆడా మగా ఏంటన్నారు. 1995లో 'చిక్కనవుతున్న పాట' వచ్చినప్పుడు కవిత్వానికి కులమేంటన్నారు. ఇప్పుడు ఆ రెండు పుస్తకాలూ లేకుండా తెలుగు కవిత్వ చరిత్ర రాయమనండి చూద్దాం, ఎవరి వల్లా కాదు. అప్పటిదాకా అందరిదీ అనుకుంటున్న వేదిక నిజానికి కొందరిదేనని తెలియాలంటే, మిగతావాళ్ళు ఒకసారి విడిగా కూర్చోవాల్సి వచ్చింది. అంతే.

అయితే ట్రాన్స్ మనుషుల విషయంలో ఇంకో మెలిక ఉంది. మిగతావాళ్ళని వేదిక మీదకి పిలవలేదు. వీళ్ళు వేదికెక్కితే నేరం అన్నారు. అతిశయోక్తి కాదండీ. నిజాం కాలంలో, 1329 ఫస్లీలో అంటే 1919లో, నపుంసకుల చట్టం అని ఒకటొచ్చింది. హిజ్రాల పేర్లు రిజిస్టర్లో రాసిపెట్టుకోవాలి. ఆడ బట్టలు కట్టుకునో, నగలు పెట్టుకునో వీధిలో కనబడితే, నలుగురిలో పాడితే, ఆడితే, వారంట్ లేకుండా అరెస్టు చేయొచ్చు. రెండేళ్ళ దాకా జైలు. నిజాం పోయాడు, చట్టం పోలేదు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభించినప్పుడూ ఉంది. మనందరం గచ్చిబౌలిలో ఈఎంఐ మీద ఫ్లాట్లు కొనుక్కునే రోజుల్లోనూ ఉంది. వైజయంతి వసంత మోగ్లి గారు, ఇంకొందరు కోర్టుకి వెళ్తే, తెలంగాణ హైకోర్టు 2023 జులైలో దాన్ని కొట్టేసింది. అంటే ఈ ఊళ్ళో ఒక ట్రాన్స్ మహిళ చీర కట్టుకుని నలుగురి ముందు పాట పాడటం చట్టప్రకారం అనుమానం లేని పనై ఇంకా ఎన్నో ఏళ్ళు కాలేదు. ఆ చట్టాన్ని రోజూ వాడారా లేదా అన్నది వేరే చర్చ. పుస్తకంలో ఉన్నంతకాలం కానిస్టేబుల్ చేతిలో ఉన్నట్టే.

ఇక సభల సంగతి. 2018 జులైలో కేంద్ర సాహిత్య అకాడమీ కోల్‌కతాలో ట్రాన్స్‌జెండర్ కవుల సమ్మేళనం పెట్టింది. అకాడమీ అలాంటిది పెట్టడం అదే మొదటిసారి. మానబీ బందోపాధ్యాయ్ గారు ముందుండి నడిపారు. ఆవిడ బెంగాలీ ప్రొఫెసర్, కృష్ణనగర్ మహిళా కళాశాలకి ప్రిన్సిపాల్‌గా చేశారు. అదే నెలలో చెన్నైలో 'క్వియర్ చెన్నై క్రానికల్స్' వాళ్ళు సొంతంగా ఒక సాహిత్యోత్సవం పెట్టుకున్నారు. సెక్షన్ 377 మీద సుప్రీం కోర్టు తీర్పు ఆ సెప్టెంబరు 6న వచ్చింది. అంటే కోర్టు ఏం చెప్తుందో తెలియకముందే కుర్చీలు వేసేశారన్నమాట. నాకు ఈ రెండో రకమే ఎక్కువ నచ్చుతుంది. అకాడమీ పిలవడం మర్యాద, కాదనను. కానీ పిలిచేవాళ్ళు ఒకరు, వచ్చేవాళ్ళు ఒకరు అయినప్పుడు ఏ కవిత చదవాలి, ఎంతసేపు చదవాలి, అధ్యక్షత ఎవరిది అన్నవి పిలిచినవాళ్ళ చేతిలోనే ఉంటాయి. సొంతంగా పెట్టుకున్నప్పుడు కథ మారుతుంది.

మన మామూలు సాహిత్య సభలో ట్రాన్స్ కవి ఎలా కనిపిస్తారో మీకూ తెలుసు. పదకొండు మంది మాట్లాడాక, భోజనాలకి ముందు, ఒక అయిదు నిమిషాలు. పరిచయంలో "ఎన్నో అవమానాలను ఎదుర్కొని" అనే మాట తప్పనిసరి. శాలువా, మెమెంటో, ఫోటో. కవిత గురించి ఒక్కరూ ఒక్క మాట అనరు. బాలేదని కూడా అనరు. నా దృష్టిలో ఇదే అసలు అవమానం. బాలేదు అనిపించుకునే హక్కు కూడా లేకపోతే ఇక కవి ఏంటి?

హైదరాబాదులో ఒక చిన్న హాల్లో జరిగిన సభకి రెండేళ్ళ క్రితం వెళ్ళాను. ముప్ఫై మంది ఉంటారేమో. నిర్వహించినవాళ్ళు, చదివినవాళ్ళు, విమర్శించినవాళ్ళు అందరూ ట్రాన్స్, నాన్-బైనరీ వాళ్ళే. నాలాంటి వాళ్ళం వెనక వరసలో ఓ అరడజను. నాన్-బైనరీ అంటే ఆడా మగా అనే రెండు గడుల్లో ఏదీ తమది కాదనుకునేవాళ్ళు. అలాంటి ఒకరు (మన లైనే, టెస్టింగ్‌లో పని) ఆవకాయ గురించి చదివారు. వాళ్ళమ్మ ఫోన్లో కొలతలు చెప్తుంటుంది, వేరే ఏ విషయమూ మాట్లాడదు, ఉప్పు దగ్గరికొచ్చేసరికి గొంతు మారుతుంది. అదీ కవిత. అయిపోగానే వెనక వరసలోంచి ఒకాయన లేచి, "మీరు ఇలా అని మీకు ఎప్పుడు తెలిసింది?" అన్నారు. ఆ కవి నవ్వి, "ఆవకాయ గురించి ఏమైనా అడగండి సార్" అన్నారు. హాలంతా ఘొల్లుమంది. తర్వాత ముందు వరసలోని ఒక ట్రాన్స్ మహిళ, వయసులో పెద్దావిడ, ఆ కవితలో చివరి నాలుగు లైన్లు అక్కర్లేదని గట్టిగా వాదించారు. ఇంకొకరు కాదన్నారు. పావుగంట నడిచింది ఆ గొడవ. తెలుగు సాహిత్య సభలో ఒక కవిత మీద పావుగంట చర్చ జరగడం నేను చూసి చాలా కాలమైంది.

విడిగా సభ ఎందుకంటే ఇందుకు. అక్కడ ట్రాన్స్ అవడం విశేషం కాదు కాబట్టి, మిగిలేది కవితే.

పై పేరాలో "చదివారు, నవ్వారు, అన్నారు" అని రాసుకుంటూ పోయాను, ఆ కవి ఆడో మగో మీకు ఎక్కడా అడ్డు రాలేదు గమనించారా? అమెరికాలో ఉన్న మిత్రులు 'దే', 'దెమ్' అంటూ ఇంగ్లీషుతో కుస్తీ పడుతుంటారు. హిందీలో అయితే నోరు తెరిచిన మొదటి వాక్యంలోనే దొరికిపోతారు. 'మై ఆయా' అనాలా 'మై ఆయీ' అనాలా తేల్చుకోవాలి. మన 'నేను వచ్చాను'లో ఆ పేచీ లేదు. తన గురించి తను చెప్పుకున్నంతసేపూ తెలుగు క్రియ ఎవరినీ నువ్వు ఆడా మగా అని అడగదు. చిక్కంతా మనం వాళ్ళ గురించి చెప్పడం మొదలుపెట్టినప్పుడే వస్తుంది. 'వచ్చాడు' అంటామా, 'వచ్చింది' అంటామా? దానికీ మన దగ్గర ఎప్పటినుంచో విరుగుడు ఉంది. 'వచ్చారు'. బహువచనంలో తెలుగు చూసే తేడా ఒక్కటే: మనుషులైతే వచ్చారు, కాకపోతే వచ్చాయి. ఇద్దరి మధ్య చనువుంటే 'తను' ఉండనే ఉంది. మన డేటాబేసుల్లో జెండర్ అనే కాలమ్‌కి ఏ విలువలు పెట్టాలో గంటలు గంటలు మీటింగులు పెట్టుకుంటాం కానీ, ఈ సదుపాయం మన నోట్లోనే ఉందని మనకే తట్టదు.

క్రియలు సరే, నామవాచకాల దగ్గర మాత్రం మనం దివాళా. ఉన్నవాటిలో సగం తిట్లు, సినిమా కామెడీ ట్రాకులు వాటిని ఇంకా అరగదీశాయి. పేపర్లవాళ్ళు మర్యాదగా 'బృహన్నల' అంటారు. నాకు అదీ నచ్చదు. బృహన్నల అర్జునుడు అజ్ఞాతవాసంలో కట్టిన వేషం, ఏడాది అయ్యాక తీసేశాడు. వేషం పేరు తీసుకెళ్ళి వేషం కాని మనిషికి పెడితే ఎలా? తమిళనాడులో మద్రాసు హైకోర్టు చొరవతో ప్రభుత్వం 2022లో గౌరవంగా వాడాల్సిన మాటల పట్టికని గెజెట్‌లో వేసింది. అందులో మాటలు గాల్లోంచి ఊడిపడలేదు, ఆ మనుషులు కూర్చుని మాట్లాడుకుని, రాసుకుని, కొట్లాడుకుని తేల్చుకున్నవి అందులోకి వెళ్ళాయి. తెలుగులో 'నాన్-బైనరీ'కి మాట లేదంటే, ఆ మాట పుట్టే గది మన దగ్గర ఇంకా సరిగ్గా లేదనే.

పుస్తకాల విషయంలో మనం మరీ వెనకబడి లేం లేండి. తమిళనాడుకి చెందిన ఎ. రేవతి గారి ఆత్మకథ వి. గీత గారి అనువాదంలో 2010లో ఇంగ్లీషులో వచ్చింది. దాన్ని పి. సత్యవతి గారు 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగు చేశారు. 2019 సంవత్సరానికి సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం ఆ పుస్తకానికే. (పక్కింటి తమిళం మన దగ్గరికి రావడానికి ఇంగ్లీషు చుట్టూ తిరిగి రావాలి, అదొక పాత రోగం.) రేవతి గారు అక్కడితో ఆగలేదు, తన కథని తనే ఏకపాత్రగా వేదిక మీద ఆడారు. ఆవిడ పుస్తకం చదివి కళ్ళు తుడుచుకున్న మన పాఠకులు, ఆ తర్వాత తెలుగు నేల మీద రాస్తున్నవాళ్ళు ఎవరని వెతికారా? నాకు అనుమానమే. ఆత్మకథ ఒక్కటి చదివేసి ఫైలు మూసేశాం.

రాసేవాళ్ళు తక్కువ కదా అంటారా? 2011 జనాభా లెక్కల్లో 'ఇతరులు' కింద నమోదైనవాళ్ళు దేశంలో 4,87,803 మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది. ఇందులో అక్షరాస్యత 56 శాతం దగ్గర ఆగింది, దేశ సగటేమో 70 దాటింది. బడిలో పిల్లలు ఏడిపిస్తే మానేసినవాళ్ళు, ఇంట్లోంచి వచ్చేసినవాళ్ళు వీళ్ళు. అలాంటప్పుడు టైపు చేసిన కవిత తెచ్చినవాళ్ళకే మైకు అంటే మళ్ళీ మొదటికొస్తాం. కర్ణాటకలో మంజమ్మ జోగతి గారు ఎల్లమ్మ పాటలు, జోగతి నృత్యంతో పేరు తెచ్చుకుని జానపద అకాడమీకి అధ్యక్షురాలయ్యారు, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. నోటి పాట కూడా సాహిత్యమేనని ఒప్పుకుంటేనే ఇలాంటివాళ్ళు మన సభల్లోకి వస్తారు.

ఇప్పుడు మన కంపెనీల దగ్గరికి వద్దాం. జూన్ రాగానే లోగోలకి ఇంద్రధనుస్సు రంగులు పూస్తారు కదా. ఒక కంపెనీలో (పేరొద్దు) ఒక ట్రాన్స్ కవిని కవితలు చదవడానికి పిలిచారు. గేటు దగ్గర కార్డు మీద పేరు ఒకటి, విజిటర్ లిస్టులో పేరు ఒకటి. సెక్యూరిటీ ఆయన తప్పేం లేదు, ఆయన సిస్టం ఆయనకి అదే చెప్పింది. నలభై నిమిషాలు ఎండలో నిలబెట్టారు. లోపలికొచ్చాక ఏ బాత్రూంకి వెళ్ళాలో ఎవరూ ముందు ఆలోచించలేదు. చివర్లో ఒక కాఫీ కప్పు, ఒక టీషర్టు చేతిలో పెట్టి పంపించారు. ఆ రోజు డెకరేషన్ బెలూన్లవాడికి మాత్రం ఇన్వాయిస్ ప్రకారం డబ్బులు పడ్డాయి.

మీలో చాలామంది ఏదో ఒక సాహితీ బృందంలో ఉన్నవాళ్ళే, డాలస్ అయినా, డెట్రాయిట్ అయినా, కూకట్‌పల్లి అయినా. ఈసారి ట్రాన్స్ కవులని పిలవాలనుకుంటే, ముందు వాళ్ళు ఇప్పటికే పెట్టుకుంటున్న సభ ఎక్కడుందో కనుక్కుని వెళ్ళి వెనక వరసలో కూర్చోండి. అడగకుండా ఫోటోలు తీయకండి, ఇంట్లో తెలియనివాళ్ళు, ఆఫీసులో చెప్పనివాళ్ళు ఉంటారు. పుస్తకం అమ్ముతుంటే ఫ్రీ కాపీ అడక్కుండా కొనండి. ఆ తర్వాత మీ సభకి పిలవండి, 'నా జీవిత పోరాటం' అని టాపిక్ ఇవ్వకుండా. దారి ఖర్చులు ముందే పంపండి, పారితోషికం ఎంతో కూడా ముందే చెప్పండి, హాలు మెట్రోకి దగ్గరగా చూసుకుని ఎనిమిదింటికల్లా ముగించండి. రాత్రి పదిన్నరకి ఒంటరిగా ఆటో కోసం నిలబడటం వాళ్ళకి మనకున్నంత తేలిక కాదు.