తలుపు తెరిస్తే సరిపోదు, పీట వేయాలి

2019 నవంబరు మొదటి వారాల్లో మన దేశంలో ఒక వింత వలస జరిగింది. ఎవరూ ఊరు వదల్లేదు, మూటాముల్లె సర్దలేదు. కానీ ఎంతోమంది ట్విట్టర్‌కు వీడ్కోలు చెప్పి, అప్పటివరకు పేరు కూడా వినని మాస్టోడాన్ అనే వేదికలో ఖాతాలు తెరిచారు. సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ నిలిపివేయడం దానికి తక్షణ కారణం. నాజీ వందనం చేయడానికి నిరాకరించి చేతులు కట్టుకు నిలబడ్డ ఒక జర్మన్ కార్మికుడి పాత ఫొటోను ఆయన తన పేజీ పైభాగాన పెట్టుకున్నారు. మొదటి వేటు దానికే పడింది. అదే రోజుల్లో పాత్రికేయుడు దిలీప్ మండల్ ఖాతాపై ఆంక్షలు విధించారు. నీలి టిక్కులు ఎవరికి ఇస్తున్నారు, ఎవరికి నిరాకరిస్తున్నారు అని దళిత, బహుజన యువత గట్టిగా అడిగింది. తమకు ఏ పక్షపాతమూ లేదని సంస్థ చెప్పింది. అడిగినవారికి ఆ జవాబు చాలలేదు.

అయితే ఆ వెళ్లినవారిలో చాలామంది కొద్ది రోజులకే వెనక్కి వచ్చారు. తమకు న్యాయం జరగలేదని వదిలిన చోటికే ఎందుకు తిరిగి వచ్చారు? ఈ ప్రశ్నకు జవాబు వెతకకుండా కొత్త వేదికల పెరుగుదలను చూసి మురిసిపోవడం తొందరపాటే అవుతుంది.

మాస్టోడాన్ ఒక కంపెనీ గుప్పిట్లో ఉన్న వేదిక కాదు. జర్మనీకి చెందిన యూజెన్ రోష్కో 2016లో దాన్ని ప్రారంభించారు. ఎవరి సర్వర్ వారు పెట్టుకోవచ్చు, ఎవరి నియమాలు వారు రాసుకోవచ్చు. అయినా ఒక సర్వర్‌లో ఉన్నవారు మరో సర్వర్‌లో ఉన్నవారితో మాట్లాడవచ్చు. మన ఫోను ఒక కంపెనీది, అవతలివారిది మరో కంపెనీది అయినా మాట కలుస్తుంది కదా, అలాగన్నమాట. ఈ కలయికకు వాడే యాక్టివిటీపబ్ అనే ఉమ్మడి పద్ధతిని 2018 జనవరిలో అంతర్జాతీయ వెబ్ ప్రమాణాల సంస్థ ఆమోదించింది. యజమాని ఒక్కడే లేడు కాబట్టి ఒక్కడి ఇష్టానికి అందరూ బలి కానక్కర్లేదన్నది దీని వెనకున్న ఆశ.

ఆ ఆశ జనాన్ని రప్పించింది కూడా. 2022 అక్టోబరులో ఎలాన్ మస్క్ ట్విట్టర్‌ను కొన్నాక, నెలకు సుమారు 3 లక్షలున్న మాస్టోడాన్ వాడుకరులు కొద్ది వారాల్లోనే 25 లక్షలకు చేరారు. కొన్ని నెలలకే ఆ సంఖ్య బాగా తగ్గిపోయింది. అదే దారిలో మరో పద్ధతితో వచ్చిన బ్లూస్కై 2024 ఫిబ్రవరిలో అందరికీ తలుపులు తెరిచింది. ఆ ఏడాది ఆగస్టు చివర బ్రెజిల్ సుప్రీంకోర్టు ఎక్స్‌ను ఆపేయగానే కొద్ది రోజుల్లో 20 లక్షలకు పైగా కొత్తవారు అందులో చేరారు. అమెరికా ఎన్నికల తర్వాత నవంబరులో మొత్తం ఖాతాలు 2 కోట్లు దాటాయి.

వచ్చినవారి లెక్క ఇది. నిలిచినవారి కథ వేరు. 2022లో మాస్టోడాన్‌కు వెళ్లిన నల్లజాతి అమెరికన్లు పలువురు ఒకే అనుభవం చెప్పారు. తాము ఎదుర్కొన్న జాతివివక్ష గురించి రాస్తే, 'ఇది చదవడానికి ఇబ్బందిగా ఉంది, పైన హెచ్చరిక పెట్టి దాచండి' అని పాతకాపులు సలహా ఇచ్చారట. బాధ పడ్డవాడికంటే ఆ బాధ విన్నవాడి సౌకర్యమే ముఖ్యమైపోయింది. అంతకుముందే, 2020లో, నల్లజాతివారు నడిపిన ప్లేవిషస్ అనే సర్వర్ వేధింపులతో విసిగి మూతపడింది. ఇతరుల పోస్టును ఎత్తిచూపి తమ వ్యాఖ్య జోడించే సదుపాయం కూడా మాస్టోడాన్‌లో చాలాకాలం లేదు. దాన్ని వేధింపులకు వాడతారన్న భయంతో మొదట ఇవ్వలేదు. మాటకు మాట అందుకునే నల్లజాతి సంభాషణ రీతికి అదే ఊపిరి అని ఎంతోమంది చెప్పినా, అది వచ్చేసరికి 2025 అయింది.

వికేంద్రీకరణతో అధికారం మాయం కాలేదు. పెద్ద కంపెనీ చేతిలోంచి సర్వర్ నడిపేవారి చేతికి వచ్చింది. దీనివల్ల మేలూ జరిగింది. విద్వేషానికి పేరుపడ్డ గ్యాబ్ 2019లో మాస్టోడాన్ సాఫ్ట్‌వేర్ తీసుకుని వచ్చినప్పుడు, ఎన్నో సర్వర్లు ఎవరి ఆజ్ఞ కోసమూ ఎదురు చూడకుండా దానికి తలుపులు మూశాయి. కానీ నిర్వాహకుడికి అర్థం కాని గాయం ఆ నిర్వాహకుడి చేత న్యాయం పొందదు.

మన సంగతికి వద్దాం. అతిపెద్ద సర్వర్ అయిన మాస్టోడాన్.సోషల్ నియమాల్లో కులవివక్ష కూడా నిషిద్ధమే. సంతోషించదగ్గ విషయమే. అయితే ఒక కులం పేరునే తిట్టుగా మార్చి, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగులో రాస్తే, దాన్ని ఎక్కడో విదేశంలో కూర్చున్న పర్యవేక్షకుడు ఎలా పసిగట్టాలి? పల్లె పేరు, ఇంటిపేరు, తిండి అడిగి ఆరా తీసే ఆ మర్యాదైన మాటల్లోని ముల్లు తర్జుమాలో దొరుకుతుందా? మన పాఠకుల్లో చాలామందికి ఆ ముల్లు ఎలా గుచ్చుకుంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

దారి లేకపోలేదు. న్యూయార్క్‌కు చెందిన రూడీ ఫ్రేజర్ 2023లో బ్లూస్కైలో బ్లాక్‌స్కైని మొదలుపెట్టారు. నల్లజాతివారి మాటలన్నీ ఒకచోట కనిపించే వరుసతో ఆరంభమై, వేధింపులను గుర్తించి ముద్రవేసే సొంత పర్యవేక్షణ వరకు అది ఎదిగింది. వాళ్లు వేరే ఊరు కట్టుకోలేదు. పెద్ద ఊళ్లోనే ఉంటూ, తమ వీధి కాపలా తామే చూసుకుంటున్నారు. ఏది అవమానమో తేల్చే పని అవమానం తెలిసినవారి చేతికి వచ్చింది.

ఇది ఊరికే రాదు. సర్వర్ అద్దె కట్టాలి. రోజూ చెత్తంతా చదివే ఓపిక ఉండాలి. మన దేశంలోనైతే 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఫిర్యాదుల అధికారిని ప్రకటించాలి, ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో తెలపాలి. నలుగురు మిత్రులు సాయంత్రం వేళల్లో నడిపే తెలుగు సర్వర్‌కు ఇది చిన్న బరువు కాదు. ఆ బరువును వాడుకరులందరూ పంచుకోకపోతే, మంచి ఉద్దేశంతో మొదలైనవి కూడా అలసటతో మూతపడతాయి.

కాబట్టి ఒక కొత్త వేదిక గురించి విన్నప్పుడు ఎంతమంది చేరారని మాత్రమే అడగవద్దు. మన భాష తెలిసిన పర్యవేక్షకులు ఎందరు? నియమాలు రాసిన గదిలో ఎవరున్నారు? గాయపడి ఫిర్యాదు చేసినవారు ఆరు నెలల తర్వాత కూడా అక్కడే మాట్లాడుతున్నారా? వీటికి జవాబు లేని చోట, 2019లో వెళ్లినవారిలాగే మనమూ గడప దాటి లోపలికి వెళ్లి, కూర్చోవడానికి చోటు లేక తిరిగి వస్తాం. చేతనైన యువతీయువకులు మనలో ఎందరో ఉన్నారు. తీర్పు చెప్పే పనిలో కూర్చోవడానికి వారు ముందుకు రావాలి, పెద్దలు వారికి అండగా నిలవాలి.