గని మూతపడినను గ్రంథము మూతపడదు

మార్కాపురపు పలకపై అక్షరములు దిద్దిన బాలునకు ఆ పలక ఒక రాతిపొర అను సంగతి సాధారణముగా తోచదు. వ్రాసినది తుడిచివేయుటకే పలక ఉన్నదని అతని తలంపు. కాని కోట్ల ఏండ్లు గడచినను చెరగని వ్రాతలు రాతియందు కలవు.

ఇంగ్లండులోని లీస్టరుషైరులో ఛార్న్‌వుడ్ అను అటవీప్రాంతము కలదు. అచ్చటి స్విత్‌లాండు పలకరాతితో పూర్వము ఇండ్లకు కప్పులు వేసిరి, సమాధిఫలకములు చెక్కిరి. 19వ శతాబ్దాంతమునకు ఆ పలకగనులు మూతపడినవి. అదే అడవిలో, పని నిలిచిన మరియొక చిన్న రాతిగని భూవిజ్ఞానచరిత్రను మార్చినది.

1956లో టీనా నీగస్ అను పదునైదేండ్ల బాలిక ఆ గనిలోని రాతిపై ఆకువంటి అచ్చును చూచి, బడిలో ఉపాధ్యాయులకు చెప్పెను. అంతటి ప్రాచీనశిలలలో శిలాజములుండవని జవాబు వచ్చెను. మరుసటి యేడు రోజరు మేసన్ అను విద్యార్థి అదే అచ్చును చూచెను. రాతిపై కాగితముంచి పెన్సిలుతో రుద్ది ప్రతి తీసికొనెను. తండ్రి ద్వారమున ఆ సంగతి లీస్టరు విశ్వవిద్యాలయములోని ట్రెవరు ఫోర్డునకు చేరెను. 1958లో ఫోర్డు దానికి 'ఛార్నియా మేసొనీ' అని పేరిడి ప్రకటించెను. అది సుమారు 56 కోట్ల ఏండ్లనాడు, వెలుగు సోకని సముద్రపుటడుగున జీవించిన ప్రాణి. కేంబ్రియను యుగమునకు పూర్వపు శిలలలో కంటికి కనబడు జీవుల జాడ ఉండదను నమ్మకము దానితో సడలినది.

ఆ ఉపాధ్యాయులను నిందింపరాదు. ఆనాటి పుస్తకములు చెప్పినదే వారును చెప్పిరి. అయినను "పోయి చూతము రమ్ము" అను ఒక్కమాట ఆ బాలికకు దక్కలేదు. మేసనుకు వినువారు దొరకిరి; అతడు తరువాత భూవిజ్ఞానాచార్యుడయ్యెను.

నేడు ఆ మొదటి శిలాజము లీస్టరు ప్రదర్శనశాలలో ఉన్నది. ఆ గని చట్టరక్షణలో ఉన్నది. విడిచిన గనిని చెత్తతో పూడ్చుట సులభము. కాని తవ్వకము తెరచిన రాతిగోడ ఒక పుట; పూడ్చినచో దానిని చదువువారు ఉండరు.

మన జిల్లాలలోను పని నిలిచిన గనులు కలవు. రేపు ఒక పిల్లవాడు గీతలున్న రాయి తెచ్చి "ఇదేమిటండీ?" అని అడుగవచ్చును. "ఏమియు లేదు" అనుటకు ముందు "చూతము" అనుట మన వృత్తిధర్మము.