నీటిని కొలువక యంత్రమును కొనవచ్చునా?

వేసవి సమీపించినంతనే మన కాటన్‌పేట సందులలో నీటి యంత్రములమ్మువారి రాకపోకలు హెచ్చును. కలమువంటి పరికరమొకటి గ్లాసులో ముంచి, అందు కనబడు అంకెను చూపి గృహిణులను బెదరించుట వీరి వాడుక. ఆ పరికరము తెలుపునది నీటిలో కరగియున్న లవణముల మొత్తమును మాత్రమే. ఫ్లోరైడును గూర్చి అది ఒక్కమాటయు చెప్పజాలదు. ఫ్లోరైడునకు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. పైగా సున్నపు పాలు తక్కువై, పప్పు చక్కగా ఉడుకు బోరునీటిలోనే అది హెచ్చుగా నుండుట తరచు. ‘మా బోరు నీరు కొబ్బరినీరు’ అని మురియువారు ఈ సంగతి గమనింతురుగాక.

మన నగరమునకు 1890ల దశకమున హెసరఘట్ట నీరును, 1933లో తిప్పగొండనహళ్లి నీరును, 1974లో కావేరి నీరును వచ్చినవి. నదీజలములలో ఈ దోషము సాధారణముగా స్వల్పము. అయినను కావేరి నీరు చాలని దినములలో అదే సంపులో బోరునీటినో ట్యాంకరు నీటినో కలుపుట మన యిండ్లలో మామూలైపోయినది. 2024 వేసవిలో ట్యాంకరుకై బిందెలతో నిలిచినవారిలో, ఆ నీరు ఏ బోరునుండి వచ్చినదని అడిగినవారెందరు?

ఈ రోగము తెలుగువారికి క్రొత్తది కాదు. భారతదేశమున దీనిని తొలుత గుర్తించినది నాటి నెల్లూరు జిల్లాలోనే. షార్ట్, పండిట్, రాఘవాచారి అను మువ్వురు శాస్త్రజ్ఞులు 1937లో ఆ సంగతిని ప్రకటించిరి. పిమ్మట నల్లగొండ పేరు దీనికి పర్యాయపదమే యైనది. మన చుట్టపక్కములున్న పావగడ, బాగేపల్లి, అనంతపురము ప్రాంతములును దీని బారిన పడినవే.

లీటరునకు 1 మిల్లీగ్రాము మించరాదనియు, వేరు నీరు దొరకనియెడల 1.5 వరకు సహింపవచ్చుననియు భారత ప్రమాణము. అది మించినచో దంతములేర్పడు వయస్సులోని పిల్లలకు పండ్లపై మచ్చలు పడును. ఎంత తోమినను అవి పోవు. ఇంకను హెచ్చైన నీటిని ఏండ్లతరబడి త్రాగినవారికి వెన్నును కీళ్లును బిగిసికొనిపోవును. బిగిసిన యెముకను తిరిగి సడలించు మందు లేదు.

కాచినచో పోవునని కొందరి భ్రమ. కాచినకొలది నీరు తగ్గును; ఫ్లోరైడు మిగిలి మరింత చిక్కబడును. నాగపూరులోని జాతీయ పరిశోధన సంస్థవారు 1970ల దశకమున రూపొందించిన ‘నల్లగొండ పద్ధతి’లో పటికను సున్నమును కలిపి, కలియబెట్టి, మడ్డి అడుగంటిన పిదప పైతేట తీసికొందురు. చవకైనదే; కాని పటిక మోతాదు నీటిలోని ఫ్లోరైడునుబట్టియు క్షారగుణమునుబట్టియు మారును. ఉజ్జాయింపుగా వేసినచో అల్యూమినియము నీటిలో మిగులును. అల్యూమినా గుళికల వడపోత కొంతకాలమునకు నిండిపోవును, దానిని మరల శుద్ధిచేయవలెను. ఆర్.ఓ. యంత్రము ఫ్లోరైడును చాలవరకు తీయును. కాని దాని పొర చెడినచో ఆ సంగతి యజమానికి తెలియదు, పారబోయు నీటికి లెక్కయు లేదు. కావున ముందు కొలుచుటయు, శుద్ధిచేసిన పిమ్మట మరల కొలుచుటయు తప్పదు.

మా అభిప్రాయమున సంఘము సందుకొక్క బోరునుండి వేసవిలో ఒకసారి, వానలు వెలిసినపిదప ఒకసారి నీరు పట్టించి పరీక్షాలయమునకు పంపవలెను. గాజుసీసా పనికిరాదు, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాయే తగును. ఫలితములను సందు పేరుతో ఈ పత్రికలో ప్రకటింపవలెను. అట్లు ప్రకటించినచో అద్దెలు పడిపోవునని కొందరు గృహయజమానులు శంకింతురని మేమెరుగుదుము. అద్దెకున్నవారి బిడ్డయు ఆ నీటినే త్రాగుచున్నది. అద్దె చెల్లించువారికి ఆ అంకె తెలిసికొను హక్కు కలదు. సెలవులకు స్వగ్రామములకు పోవువారు అక్కడి పంచాయతీలో నీటి పరీక్షాపేటిక ఉన్నదేమో విచారింతురుగాక. 2019లో ఆరంభమైన జల్ జీవన్ పథకము క్రింద గ్రామమునకు అయిదుగురు స్త్రీలకు దానిని వాడుట నేర్పు ఏర్పాటున్నది. పేటికలేనిచోట ఒక సీసా నీరు వెంట తెచ్చినను, మన నమూనాలతో కలిపి పంపవచ్చును.