గార్డు లేని మిషను

పోయిన నెల లైఫ్ సర్టిఫికెట్ గురించి నేను రాసింది చదివి నలుగురైదుగురు ఫోన్ చేసినారు. సంతోషం. ఈ నెల పెన్షన్ మాట కాదు, చెక్క మిషను మాట. మనకెందుకప్పా చెక్క మిషను అని పేజీ తిప్పేయకండి. మిల్లులు మూతపడినాక మన పిల్లోళ్ళు ఎందరో సొంతంగా చిన్న షెడ్లు పెట్టుకున్నారు. ఒకడిది వెల్డింగు, ఒకడిది పవర్‌లూము, ఒకడిది చెక్కపని. కొత్త మిషను కొనే తాహతు మనకు యాడుంది? అందరి షెడ్లలోనూ పాత మిషన్లే. అందుకే రాస్తున్నాను.

మా అక్క కొడుకు బాగేపల్లిలో చెక్కపని షెడ్డు పెట్టినాడు. వాకిళ్ళు, కిటికీలు, మంచాలు చేస్తాడు. మొన్న ఉగాది దాటినాక ఒక రోజు పరగోడుకు వచ్చి, "మామా, ఒక పాత మిషను తెచ్చినాను. నువ్వొచ్చి చూడల్ల" అన్నాడు. మూతపడిన ఫర్నిచర్ షాపులో తుక్కు కింద అమ్ముతుంటే ముప్పై ఎనిమిది వేలకు కొన్నాడంట. పెండ్లాము గొలుసు కుదవపెట్టి కొన్నాడని మా అక్క తర్వాత చెప్పింది.

పోయి చూస్తే రంధా మిషను. ఇంగ్లీషులో జాయింటర్ అని, సర్ఫేస్ ప్లేనర్ అని అంటారు. పొడుగ్గా రెండు ఇనుప బల్లలు ఉంటాయి. రెంటి నడుమ సందు. ఆ సందులో కత్తులు బిగించిన దిమ్మె తిరుగుతా ఉంటుంది. చెక్కను ముందు బల్ల మీద పెట్టి తోస్తే, కత్తుల మీదుగా పోయి వెనక బల్ల మీదికి నున్నగా వస్తుంది. మా ఊరి ఆచారి తోపడా పట్టి ఒక పూట చేసే పని అది పది నిమిషాల్లో చేస్తుంది. రెండు పలకల అంచులు తిన్నగా చిత్రిక పట్టి జోడిస్తే నడుమ వెలుతురు కూడా దూరదు. జాయింటర్ అనే పేరు దానికి అందుకే వచ్చింది.

ఇనుము మాత్రం మంచి ఇనుము. పాత కాలపు పోత, కదిలించాలంటే ఆరుగురు కావల్ల. పేరు పలక ఎవరో పీకేసినారు. ఇంగ్లాండులో లెస్టర్ ఊరి వాడ్కిన్, రాచ్‌డేల్ ఊరి థామస్ రాబిన్సన్ కంపెనీలు ఇట్లాంటి మిషన్లకు పేరు పడినవి. ఇది ఎవరిదో తెలీదు, ఎవరిదైనా తరాలు నిలిచే సరుకే.

బెల్టు తీసి దిమ్మెను చేత్తో తిప్పి చూసినాను. నా గుండె ఝల్లుమంది. అది నాలుగు పలకల దిమ్మె. పైన గార్డు లేదు.

"రేపు కనెక్షన్ ఇస్తాము మామా" అన్నాడు వాడు.

"ఇవ్వద్దు" అన్నాను.

ఎందుకన్నానో చెప్పాలంటే మిల్లు మాట చెప్పల్ల. మన పత్రికలో ఇన్నేండ్లుగా రాస్తున్నా కానీ ఈ సంగతి ఎప్పుడూ రాయలేదు.

నేను బెంగళూరు మిల్లులో చేరింది 1979లో. నాలుగో క్లాసు చదివినోడికి మగ్గాల మీద వెంటనే పని ఇవ్వరు. కార్పెంటరీ సెక్షన్‌లో హెల్పర్‌గా వేసినారు. బట్టల మిల్లులో కార్పెంటర్ ఎందుకు అంటారేమో. ఆ కాలపు మగ్గంలో సగం ప్రాణం చెక్కదే. షటిల్ చెక్క, షటిల్‌ని కొట్టే పికింగ్ స్టిక్ చెక్క, షటిల్ పరుగెత్తే స్లే పలక చెక్క. ఆ స్లే పలక వెంట్రుకవాసి వంకర పోయిందంటే షటిల్ దారి తప్పి ఎగిరి వస్తుంది. ఎగిరిన షటిల్ తగిలి కన్ను పోగొట్టుకున్నోళ్ళు మనలో ఉండారు. అందుకే ఆ పలకలను రంధా మిషను మీద దారం పట్టినట్టు తిన్నగా చేసేవాళ్ళు.

మా మేస్త్రన్న చిత్తూరు వైపు మనిషి. పెద్ద పనోడు. నన్ను తమ్ముడు మాదిరి చూసుకున్నాడు. ఆయన మిషనుది కూడా నాలుగు పలకల దిమ్మే. పైన ఒక ఇనుప గార్డు ఉండేది. పెద్ద పలక వచ్చినప్పుడల్లా దాన్ని జరపల్ల, మళ్ళీ బిగించల్ల. ఒక రోజు సెకండ్ షిఫ్టులో పన్నెండు మగ్గాల పలకలు అర్జెంటుగా కావల్లన్నారు. "గార్డు తీసేయరా, అడ్డం" అన్నాడు మేస్త్రన్న. స్పానర్ తీసుకొని గార్డు విప్పింది నేను. విప్పి గోడకు ఆనించినాను. ఇంకో గంటకు చిన్న ముక్క ఒకటి తోస్తా ఉంటే ముక్క ఎగిరిపోయింది, చెయ్యి కిందికి పడింది. కుడి చేతి రెండు వేళ్ళు పోయినాయి.

ఎన్‌క్వయిరీలో "గార్డు ఎవరు తీసినారు" అని అడిగినారు. మేస్త్రన్న "నేనే" అన్నాడు. నేను పక్కనే నిలబడి నోరు విప్పలేదు. ఉద్యోగం పోతుందని భయం. ఆయనకు ఈ.ఎస్.ఐ. నుంచి నెలనెలా కొంత వచ్చేది. కానీ ఆయన మళ్ళీ తోపడా పట్టలేదు. స్టోరులో కూర్చోబెట్టినారు. ఆ మనిషి ఇప్పుడు లేడు. ఆయన ఉన్నప్పుడు చెప్పుకోవాల్సిన మాట ఇప్పుడు మీకు చెప్తా ఉండాను.

ఆ తర్వాత యూనియన్ ఆఫీసులో ఒక సారు మాకు రూల్సు చదివి వినిపించినాడు. చెక్కను చేత్తో తోసే ప్లేనింగ్ మిషనుకు గుండ్రం దిమ్మె తప్ప వేరేది పెట్టకూడదని ఇంగ్లాండులో 1922లోనే రూలు చేసినారంట. సందు మొత్తం కప్పే వంతెన గార్డు కూడా ఉండాల్ల. మన ఫ్యాక్టరీ రూల్సులోకి కూడా ఆ మాటే వచ్చింది. తిరిగే భాగానికి కంచె కట్టల్లని 1948 ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. చట్టం ఉంది, గార్డు గోడకు ఆనించి ఉంది. అట్లా నడిచింది మా సెక్షను.

గుండ్రం దిమ్మెకూ నాలుగు పలకల దిమ్మెకూ తేడా ఏమి అంటే, నాలుగు పలకల దిమ్మె తిరిగేటప్పుడు మూలలు మాత్రమే పైకొస్తాయి. మూలకూ మూలకూ మధ్య లోతుగా బోలు. అది నిమిషానికి నాలుగైదు వేల చుట్లు తిరుగుతుంటుంది కాబట్టి కంటికి బోలు కనపడదు. వేలు పడిందంటే ఆ బోలులోకి దిగి, చెయ్యంతా లోపలికి లాగుతుంది. గుండ్రం దిమ్మెలో కత్తి అంచు ఒక్క గీతంత మాత్రమే బయటికి ఉంటుంది. పడితే వేలి కొన పోతుంది, అది కూడా చిన్న విషయం కాదు, కానీ చెయ్యి మిగులుతుంది.

ఇదంతా చెప్తే అల్లుడికి కోపం వచ్చింది. "మామా, ఆ షాపులో ఇరవై ఏండ్లు నడిచింది. ఎవరికీ ఏమీ కాలేదు. వచ్చే నెల పెండ్లింటోళ్ళకు ఎనిమిది వాకిళ్ళు ఇయ్యల్ల. వడ్డీ ఎవరు కడతారు?" అన్నాడు. మా అక్క కూడా "మంచి పని మొదలుపెట్టేటప్పుడు అపశకునం మాటలెందుకురా" అనింది. వాళ్ళదీ తప్పు కాదు. వడ్డీ రోజూ పెరుగుతుంది, వేళ్ళు రోజూ పోవు.

నేను ఒక్కటే అడిగినాను. "మిల్లులో నాకేమైనా అయితే ఈ.ఎస్.ఐ. ఉండింది. కరెంటుతో నడిచే చోట పది మంది ఉంటేనే ఫ్యాక్టరీ అనింది ఆ చట్టం. నీ షెడ్డులో నువ్వూ ఇంకొక పిల్లోడూ. నీ చెయ్యి పోతే నీకు ఎవరిస్తారు?" వాడు పలకలేదు. అప్పుడు గార్డు విప్పింది నేనే అని వాడికి చెప్పినాను. మా అక్కకు కూడా తెలీదు ఆ సంగతి. ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకొని లోపలికి పోయింది.

మా ఇంటి వెనక రేకులు మార్చడానికి పదకొండు వేలు దాచిపెట్టుకున్నాను. తెచ్చి వాడి చేతిలో పెట్టినాను. ఇచ్చింది అప్పే, ఊరికే కాదు. వాకిళ్ళు అమ్మినాక తిరిగి ఇయ్యల్లని చెప్పే ఇచ్చినాను.

పాత మిషను బాగు చేసేటోళ్ళు ఉంటే మేము చేసింది వినండి.

మొదట ప్లగ్గు పీకేసి తీగ చుట్టి జేబులో పెట్టుకున్నట్టు దూరంగా పెట్టినాము. తుప్పు మీద కిరసనాయిలు పూసి రాత్రంతా వదిలి, పొద్దున ఎమరీ పేపరుతో రుద్దినాము. బల్లలు అద్దం మాదిరి వచ్చినాయి.

దిమ్మె కోసం బెంగళూరు పోయి మిషన్ల షాపులో తయారుగా ఉండే గుండ్రం దిమ్మె కొన్నాము. తొమ్మిది వేలు అయింది. లేత్ షాపులో దొరికిన ఇనుముతో కొట్టించొద్దు. తూకం ఒక పక్క ఎక్కువైతే అంత వేగానికి మిషనంతా వణుకుతుంది, కత్తి ఎగిరి వస్తుంది. లేత్ ఆయన చేత ఇరుసు కొలతకు మాత్రం సరిచేయించి, బేరింగులు కొత్తవి వేసినాము.

తర్వాత బల్లలు. పొడుగు స్టీలు పట్టీ రెండు బల్లల మీదా అడ్డం పెట్టి, కింద నుంచి వెలుతురు వస్తుందా చూడల్ల. ముందు బల్ల ఒక మిల్లీమీటరు కిందికి ఉంటే చాలు, అంత చెక్క పోతుంది. వెనక బల్ల మాత్రం కత్తి అంచుతో సరిసమానంగా ఉండల్ల. అది తక్కువైతే పలక చివర గుంట పడుతుంది. ఎక్కువైతే పలక తగులుకొని ముందుకు పోదు. సరిగ్గా ఉందా అని చూడను ఒక తిన్నటి ముక్కను వెనక బల్ల మీద పెట్టి, కత్తి మీదికి కొంచెం చాచి, దిమ్మెను చేత్తో మెల్లగా తిప్పల్ల. కత్తి ముక్కను మూడు నాలుగు మిల్లీమీటర్లు మాత్రం ముందుకు ఈడిస్తే సరి. అన్ని కత్తులూ, రెండు కొసల్లోనూ, ఒకే మాదిరి ఈడ్చల్ల. మగ్గం మీద పని చేసినోళ్ళకు ఈ ఓపిక ఉంటుంది.

చివరికి గార్డు. సందు మొత్తం మూసే వంతెన మాదిరి వెల్డింగు చేయించినాము. పలక దాని కిందుగా పోతుంది. అంచు పట్టేటప్పుడు గార్డుకూ పక్క పలకకూ నడుమ చెక్కకు సరిపడా జాగా వదలల్ల, అంతే. ఎర్ర బటను మోకాలికి అందేటట్టు పెట్టినాము. చేతులు ఖాళీ లేకపోయినా మోకాలితో ఆపొచ్చు.

అడుగు కంటే పొట్టి ముక్క ఈ మిషను మీద పెట్టొద్దు. పొట్టి ముక్కకు చేతి తోపడా ఉంది కదా. చెక్క తోసేదానికి పిడి ఉండే తోపుడు కట్టె వాడల్ల, కత్తుల మీదికి చెయ్యి రాకూడదు. చేతికి గ్లౌజు, ఉంగరం, వేలాడే చొక్కా చేతులు వద్దు. నార వాలు చూసి తోయల్ల. మా వైపు వేప చెక్కకు నార అటూ ఇటూ తిరిగి ఉంటుంది, ఎదురు తోస్తే పెచ్చులు లేస్తుంది.

మొత్తం పద్దెనిమిది రోజులు పట్టింది. ఎనిమిది వాకిళ్ళల్లో ఆరే టయానికి ఇచ్చినాడు, పెండ్లింటోళ్ళు రెండు మాటలు అన్నారు. పడినాడు. మొదటి పలక తోసేటప్పుడు నేను పక్కనే ఉండాను. వేప పొట్టు వాసన షెడ్డంతా నిండింది. నాకు మా మిల్లు సెక్షనే కళ్ళ ముందర కనపడింది.

పోయిన వారం చెప్పకుండా షెడ్డుకు పోయినాను. వాడు లేడు, పిల్లోడు ఒక్కడే పని చేస్తా ఉండాడు. గార్డు బిగించే ఉంది. "అన్న తీయొద్దన్నాడు తాతా, తీస్తే కూలి ఇవ్వనన్నాడు" అన్నాడు ఆ పిల్లోడు. డబ్బు ఇంకా తిరిగి రాలేదు, రేకులు ఇంకా కారుతానే ఉండాయి. కారనీ.

ఈ పత్రిక చదివే ఇంట్లో ఎవరి షెడ్డులో అయినా గార్డు గోడకు ఆనించి ఉంటే, రేపు పొద్దున మిషను వేసేముందు దాన్ని బిగించండి. మీ ఇంటి పిల్లోడు ఎవరి దగ్గరైనా పనికి పోతా ఉంటే, సాయంత్రం అన్నం పెట్టేటప్పుడు ఒక మాట అడగండి: మిషనుకు గార్డు ఉందా అని. తీసేయమన్న మేస్త్రి కంటే విప్పిన హెల్పరుకు బరువు ఎక్కువ కాలం ఉంటుంది. నాకు తెలుసు.

వచ్చే నెల పి.ఎఫ్. పేపర్లలో పేరు తప్పు పడితే ఏమి చేయల్లో రాస్తాను. ఉంటాను.